బకెట్లో పడేసిన గడ్డ

2010 మార్చిలో ఒక ఆదివారం నా కొడుకు రాజేశం గడియారాన్ని ఎడమ చేతి నుంచి కుడి చేతికి మార్చుకున్నాడు. జబ్బు ఎప్పుడు మొదలైందని తర్వాత ఎందరో డాక్టర్లు అడిగారు. వాడు ప్రతిసారీ "యాదికి లేదు సార్" అనేవాడు. నాకు గుర్తుంది. ఆ రోజు వాడు నల్లా దగ్గర మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గడియారం కుడి చేతికి ఉంది.

"ఏందిరా, గడియారం గా చేతికి పెట్టుకున్నవ్?" అన్నాను.

"ఏం లేదే అవ్వా. బెల్టు ఒత్తుతాంది."

ఎడమ చెయ్యి పట్టుకుని చూశాను. మణికట్టుకు కాస్త పైన, పాత దెబ్బ మచ్చ మీద, శనగ గింజంత గట్టి గడ్డ. నొక్కితే నొప్పి లేదన్నాడు. ఎర్రగా లేదు, వేడిగా లేదు. నొప్పి లేని గడ్డ గనక మేమెవరమూ భయపడలేదు.

ఆ మచ్చ సంగతి చెప్పాలి. రాజేశం గోదావరిఖనిలో ఒక అండర్‌గ్రౌండ్ గనిలో బదిలీ ఫిల్లర్. అంటే రాని మనిషికి బదులుగా దిగి, లోపల రాల్చిన బొగ్గును తట్టల్లోకి, టబ్బుల్లోకి ఎత్తే పని. 2008లో పైకప్పు నుంచి ఒక బొగ్గు పెల్ల వాడి ముంజేతి మీద పడి చర్మం చీరుకుపోయింది. గనిలో అలాంటి దెబ్బకు ఎవరూ పైకి రారు. నెత్తి రుమాలు చింపి కట్టుకుని షిఫ్టు పూర్తి చేస్తారు. గాయంలో పడ్డ బొగ్గు పొడి అలాగే ఉండిపోయి, మానిన తర్వాత చర్మం కింద నీలి గీతలాగా కనిపిస్తుంది. మా వైపు ఏ ఫిల్లర్ ఒంటి మీదైనా ఇలాంటి నీలి గీతలు ఉంటాయి. నా భర్త వీపు మీద, నుదుటి మీద ఉండేవి. అవి లేనివాడిని గని చూడనివాడి కింద లెక్కకట్టే జనం మేము.

కాబట్టి ఆ నీలి మచ్చ మీద గడ్డ లేస్తే అందరం ఒకటే అన్నాం: లోపల బొగ్గు ఉండిపోయింది.

నా కోడలు స్వరూప తమ్ముడు ఓదెలు కూడా అదే గనిలో పని చేస్తాడు. వాడికి ప్రతిదీ పరాచికమే. గడ్డను వేలితో నొక్కి చూసి, "అత్తా, బావ చేతుల కొత్త బొగ్గు సీమ్ పడ్డది. ఓపెన్‌కాస్ట్ కొడితే టన్ను బొగ్గు ఎల్తది," అన్నాడు. అందరం నవ్వాం.

జూలైకి గడ్డ రేగుపండంత అయింది. తట్ట ఎత్తేటప్పుడు అంచు తగులుతోందని రాజేశం అన్నాడు. పక్క పట్టణంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో సర్జన్ మంచివాడని ఎవరో చెబితే అక్కడికి వెళ్లాం. ఆ నర్సింగ్ హోం పేరు రాయను. రాయడానికి భయం కాదు. అలాంటివి ఊరికి నాలుగు ఉన్నాయి కనుక.

సర్జన్ చెయ్యి చూసి నవ్వాడు. "గనుల్ల చేస్తవా? ఇది మీకు మామూలేనయ్యా. బొగ్గు నలుసు చుట్టు గడ్డ కట్టింది. పొద్దున తీసేస్తే పొద్దుమూకే వరకు ఇంటికి పోతరు."

పరీక్షలేమైనా ఉన్నాయా అని అడిగాను. "బొగ్గుకు పరీక్ష ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు.

తీశాడు. బయటికి వచ్చాక, "దాన్ల బొగ్గు ఎల్లిందా సార్?" అని అడిగాను.

"లేదు. తెల్లగ, గట్టిగ ఉన్నది. పొడి లోపట ఉంటది పెద్దమ్మా, కంటికి కనిపియ్యది."

నేను నా జీవితంలో విన్న మాటల్లో ఈ మాటను మించి నన్ను మండించేది ఇంకొకటి లేదు. అప్పుడు మండలేదు, తర్వాత మండింది. బొగ్గు అని కోశాడు. కోస్తే బొగ్గు లేదు. అప్పుడైనా ఇది మరేమిటని అడగాలి కదా? అడగలేదు. కనిపించని బొగ్గు ఉందన్నాడు.

నేను గడ్డను చూస్తానన్నాను. అక్కడ ఊడ్చి కడిగే ఆయమ్మ అప్పటికే ఆపరేషన్ గదిలోంచి బకెట్ పట్టుకుని బయటికి వస్తోంది. "ఏం చూస్తవ్ అవ్వా, అన్నీ నెత్తురు గుడ్డలే," అంటూ వెనక తలుపు వైపు పోయింది. ఆ బకెట్లోనే నా కొడుకు గడ్డ ఉంది. దాన్ని ఏ మైక్రోస్కోపూ చూడలేదు. ఈ కథ మొత్తానికి అసలు ముడి అక్కడే పడింది.

నా గురించి రెండు మాటలు. నా భర్త గనిలో పోయినప్పుడు రాజేశం చిన్న పిల్లవాడు. కంపెనీ నాకు ల్యాంప్ రూమ్‌లో ఉద్యోగం ఇచ్చింది. రిటైరయ్యే వరకు అక్కడే చేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న టోపీ ల్యాంపు ఇస్తాం. షిఫ్టు అయ్యాక ప్రతి ల్యాంపూ వెనక్కి రావాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా ఇంటికి పోయేది లేదు. ల్యాంపు రాలేదంటే మనిషి రాలేదేమో అని వెతకాలి. ఎక్కువసార్లు వాడు క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ దొరుకుతాడు. అందరూ నవ్వుతారు. అయినా మర్నాడు మళ్లీ కొక్కెం ఖాళీగా ఉంటే మళ్లీ వెతుకుతాం. అంత పని అలవాటున్న మనిషిని, నా కళ్ల ముందు నుంచి బకెట్ వెళ్లిపోతుంటే ఊరుకున్నాను. ఎందుకంటే దవాఖానలో కూడా అట్లాంటి పద్ధతి ఒకటి ఉంటుందని, ఒంట్లోంచి తీసినది ఎక్కడికి పోయిందో ఎవరో ఒకరు చూసుకుంటారని నమ్మాను.

2011 జనవరిలో గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి ఒకటి కాదు. కుట్ల మచ్చ మీద ఒకటి, దానికి పైన మోచేతి వైపు ఇంకొకటి. మొదటిది పగిలి పుండయింది. అంచులు గట్టిగా, మధ్యలో గుంట. చీము వాసన లేదు, మానడమూ లేదు.

మళ్లీ అదే సర్జన్. ఈసారి నవ్వలేదు. "చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదాం," అన్నాడు. మా ముందే నర్సుకు చెప్పాడు: "రాయమ్మా. కోల్ వర్కర్. పాత గాయం. ఫారిన్ బాడీ గ్రాన్యులోమా కావచ్చు, టీబీ కావచ్చు."

నర్సు రాసింది. ఒకసారి తీశామని, అది మళ్లీ వచ్చిందని ఆయన చెప్పలేదు. ఆమె రాయలేదు. ముక్క సీసాలో పడి, ఆ చీటీతో ల్యాబుకు పోయింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. నెక్రోటైజింగ్ గ్రాన్యులోమాటస్ ఇన్‌ఫ్లమేషన్, టీబీ కావచ్చు అని. టీబీ క్రిములను వెతికే రంగు పరీక్ష నెగటివ్. "నెగటివ్ అంటే టీబీ లేదు అన్నట్టా సార్?" అని స్వరూప అడిగింది. స్వరూప ఇంటర్ చదివింది. తక్కువ మాట్లాడుతుంది, అడగాల్సింది అడుగుతుంది.

"గట్లేం లేదమ్మా. క్రిములు ఒక్కోసారి కనబడయి. మందులు మొదలు పెడదాం."

మళ్లీ కనబడనిదే. మొదట కనబడని బొగ్గు, ఇప్పుడు కనబడని క్రిములు.

టీబీ మందులు ఫిబ్రవరిలో మొదలయ్యాయి. పొద్దున పరగడుపున గుప్పెడు మాత్రలు. మూత్రం ఎర్రగా వచ్చేది. మొదటి నెల తిన్నది తిన్నట్టు కక్కాడు. బరువు తగ్గాడు. డ్యూటీకి సిక్కు లీవు పెట్టాడు. మా క్వార్టర్ల లైన్‌లో మాట పాకింది. పక్క క్వార్టర్ వాళ్లు మా ఇంట్లో చాయ్ తాగడం మానేశారు. వాడు హోటల్‌కు పోతే ప్లాస్టిక్ కప్పులో ఇచ్చారట. ఆ రోజు నుంచి వాడు హోటల్‌కు పోలేదు.

అంతకన్నా పాడు మాట ఇంకొకటి. మా బొగ్గు బెల్టులో మెడికల్ అన్‌ఫిట్ అయితే గని పైన సర్ఫేస్ పని దొరుకుతుందనీ, ఇంకేవో దొరుకుతాయనీ ఆశపడి నాటకాలాడేవాళ్లు కొందరు ఉంటారు. నిజం జబ్బు వచ్చినవాడినీ ఆ లెక్కలోనే వేస్తారు. నల్లా దగ్గర ఒకామె నాకు వినబడేట్టే అంది: "పుండు మాననిస్తలేడట. గోకుతాండట. అన్‌ఫిట్ కొడ్తడు సూడుండ్రి."

నేను బిందె కింద పెట్టి, "నీ మొగణ్ని పంపు. గా పుండు ఆయన చేతికి పెట్టిస్త, అన్‌ఫిట్ ఆయననే కొట్టుమను," అన్నాను. ఆమె తర్వాత నాతో మాట్లాడలేదు. నాకేం నష్టం లేదు.

ఆగస్టుకు కోర్సు పూర్తయింది. పుండు అలాగే ఉంది. పైకి ఇంకో రెండు గడ్డలు లేచాయి. ముంజేతి వెంట వరుసగా, పూసలు గుచ్చినట్టు. నాలుగో వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కాయి. సర్జన్ ఇంకో మూడు నెలలు మందులు పొడిగిద్దామన్నాడు.

సిక్కు సర్టిఫికెట్ కోసం రాజేశం కంపెనీ డిస్పెన్సరీకి పోతే అక్కడ కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ కట్టు విప్పమంది. నేనూ ఉన్నాను. ఆమె చేతిని అటూ ఇటూ తిప్పి, చంకలో చిన్న గడ్డ వేళ్లకు తగిలితే నొక్కి చూసి, "ఇన్ని నెలలు మందులు తిన్నరా? నిజంగ తిన్నరా?" అని అడిగింది.

"ఒక్కపూట తప్పలేదు మేడం. మా అవ్వ ఎదురుంగ కూసోని మింగిపిచ్చింది."

"తింటే టీబీ తగ్గాలె. తగ్గలేదంటే ఇది టీబీయేనా అని సూడాలె. హైదరాబాద్‌ల క్యాన్సర్ దవాఖానకు రాస్తున్న. మనిషి పోవుడే గాదు, ల్యాబుల ఉన్న బయాప్సీ బ్లాకు, స్లైడ్లు గూడ పట్టుకపోండ్రి. గవి లేకుంట పోతే మళ్ల మొదటికి వస్తరు."

క్యాన్సర్ అన్న మాట మా ఇంట్లోకి అలా వచ్చింది.

అది 2011 సెప్టెంబర్. సకల జనుల సమ్మె నడుస్తోంది. గనులు బంద్, బస్సులు బంద్. రాజేశం పుండు చేత్తోనే మొదటి రోజు శిబిరంలో కూర్చుని వచ్చాడు. తెలంగాణ కావాలని నాకూ ఉంది. కానీ ఆ చెయ్యి ఆగేట్టు లేదు.

ముందు ల్యాబుకు నేను, ఓదెలు మోటార్ సైకిల్ మీద పోయాం. కౌంటర్ దగ్గర ఉన్నతను స్లైడ్లు ఇస్తాను, బ్లాకు ఇవ్వనన్నాడు. బ్లాకు అంటే ఏమిటో అక్కడే తెలిసింది. ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి బిగించిన చిన్న బిళ్ల. దాన్ని పలచగా కోసి, గాజు మీద అతికించి, రంగు వేసి చూస్తారు. స్లైడు ఒక్కటే ఉంటే ఉన్నదే చూడాలి. బ్లాకు ఉంటే మళ్లీ కోసి కొత్త పరీక్షలు చెయ్యొచ్చు.

"బ్లాకు మా దగ్గర్నే ఉంటది అవ్వా. రూలు."

"గా ముక్క ఎవరిది బిడ్డా?"

"పేషెంటుది."

"మరి మీ రూలు నా కొడుకు చేతుల ఎట్ల పుట్టింది?"

ఓదెలు పక్క నుంచి, "అన్నా, ఇచ్చెయ్యి. మా అత్త ఈడ కూసుంటే నువ్వు షట్టర్ గుంజుడు కష్టం," అన్నాడు. అతను లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చాడు. సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. "ఎండల పెట్టకు అవ్వా, మైనం కరుగుతది," అని మాత్రం మంచిగా చెప్పాడు. రాజేశం గనికి పట్టుకుపోయే సద్ది డబ్బాలో పత్తి పరిచి, బ్లాకును, స్లైడ్లను అందులో పెట్టాను.

హైదరాబాద్‌కు పోవడం ఎలా? రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. ఓదెలు అక్కడే గరిటె పట్టుకుని ఉన్నాడు. "అత్తా, బస్సు తెలంగాణ ఒచ్చినంకనే ఎల్తది. అప్పటిదాక ఇంత పులిహోర తిను," అన్నాడు. నా మొహం చూసి గరిటె పక్కవాడికి ఇచ్చాడు. బసంత్‌నగర్ పోయి హైదరాబాద్ పోయే సిమెంటు లారీని మాట్లాడి వచ్చాడు. దారిలో లారీని ఆపవద్దని శిబిరాల వాళ్లకు తనే ఫోన్లు చేశాడు. క్యాబిన్‌లో రాజేశం, స్వరూప, నేను. డబ్బా నా ఒళ్లో. డ్రైవర్ రెండు సార్లు అడిగాడు: "ఏం కూరనే అవ్వా, మూత తీస్తలేవు?"

క్యాన్సర్ దవాఖానలో సర్జన్ చెయ్యి చూసి, మమ్మల్ని పాథాలజీ డిపార్ట్‌మెంట్‌కు పంపాడు. మామూలుగా రోగులు పాథాలజిస్టును చూడరు. ఒంట్లోంచి తీసిన ముక్కకు పేరు పెట్టే డాక్టరు ఒకరు ఉంటారనే నాకు తెలియదు. డబ్బా ఎవరికీ ఇవ్వనని నేను గుమ్మంలో నిలబడితే లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కళ్లద్దాలు, కోస్తా మాట.

"భోజనాలు ఇక్కడ కాదమ్మా, కింద క్యాంటీన్ ఉంది."

"భోజనం గాదు మేడం. నా కొడుకు చెయ్యి."

ఆమె మూత తీసి చూసింది. లోపలికి రమ్మంది. మొదటి నుంచీ చెప్పమంది. నెలలతో సహా చెప్పాను. మధ్యలో ఆపి, "మొదటిసారి తీసిన గడ్డ రిపోర్టు ఏది?" అని అడిగింది.

"లేదు మేడం."

"పోయిందా?"

"పంపలేదు. బకెట్ల పడేసిన్రు."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నా మీద కోపం కాదని నాకు అర్థమైంది.

స్లైడు చూసిన తర్వాత ఆమె నాకు దాచకుండా చెప్పింది. "గ్రాన్యులోమా అంటే ఒళ్లు దేన్నయినా అడ్డుకోవడానికి కణాలతో కట్టే గోడ అనుకోండి. టీబీలో కడుతుంది, నలుసు ఉండిపోయినా కడుతుంది. మధ్యలో చచ్చిన కండ ఉంటుంది. ఇక్కడా చూపుకి అలాగే ఉంది. కణాలు గోడలాగే నిలబడ్డాయి. చీటీలో టీబీ అని, బొగ్గు అని ఉంటే చూసేవాళ్లకి అదే కనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించేదేమో. కానీ ఒకసారి తీస్తే మళ్లీ వచ్చి చేతి వెంట పైకి పాకిందని మీరు చెప్పారు. అది తెలిశాక ఈ కణాలను నేను నమ్మలేను. ఇవి గోడ కాకపోవచ్చు. దొంగే గోడ వేషం వేసుకుని ఉండొచ్చు."

బ్లాకు నుంచి కొత్తగా కోసి ఐ.హెచ్.సి. పరీక్షలు చేశారు. కణాలకు రకరకాల మందులు పూస్తే కొన్ని రంగు పట్టుకుంటాయి, కొన్ని పట్టుకోవు. దాన్ని బట్టి ఆ కణం ఏ జాతిదో తెలుస్తుందట. గోడ కట్టే కణాలు కెరటిన్ పరీక్షలో రంగు పట్టుకోవు. ఇవి పట్టుకున్నాయి. మామూలు కణాలన్నిటిలో ఉండాల్సిన ఒక ప్రోటీను వీటిలో లేదు. అక్టోబర్‌లో పేరు వచ్చింది: ఎపిథీలియాయిడ్ సార్కోమా, మెత్తని కండలో పుట్టే ఒక క్యాన్సర్.

"చాలా అరుదమ్మా," అంది పాథాలజిస్టు. "పడుచు వయసు వాళ్లకి, ముంజేతికి, అరచేతికి వస్తుంది. పుండులా, మచ్చలా కనిపించి మోసం చేస్తుంది."

"బొగ్గు వల్ల వచ్చిందా మేడం?"

"అలా చెప్పడానికి లేదు. బొగ్గు మచ్చ మీద వచ్చింది కాబట్టి అందరూ బొగ్గునే చూశారు. అంతే."

ఊపిరితిత్తుల సీటీలో ఏమీ లేదు. చంకలో గడ్డ నుంచి తీసిన ముక్కలో కూడా లేదు. అంతవరకు అదృష్టం. కానీ ముంజేతిలో గడ్డలు నరాల వెంట పాకాయి. క్యాన్సర్ సర్జన్ రాజేశం వైపు తిరిగి చెప్పాడు: "చెయ్యి ఉంచి గడ్డలు మాత్రమే తీస్తే మళ్లీ వస్తుంది. మోచేతి పై నుంచి తియ్యాలి."

నేనే అడిగాను. "మొదలు శనగ గింజంత ఉన్నప్పుడు తెలిస్తే సార్?"

"అప్పుడు చుట్టూ ఎక్కువ కండతో తీసేవాళ్లం. చెయ్యి మిగిలే అవకాశం చాలా ఉండేది. ఖాయమని చెప్పలేను."

ఖాయమని చెప్పకపోయినా ఆయన నిజం చెప్పాడు. ఆయనను నేను గౌరవిస్తాను.

స్వరూప ఏడ్చింది. రాజేశం తన చేతిని తనే చూసుకుంటూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "తియ్యమను. అవ్వా, ఒక్క మాట చెప్పు వాళ్లకు. ఈసారి బకెట్ల పడెయ్యద్దని."

పడెయ్యలేదు. నవంబర్‌లో ఆపరేషన్ జరిగింది. తీసిన చెయ్యి మొత్తం పాథాలజీకి పోయింది. దాని రిపోర్టు రెండు పేజీలు. గడ్డలు ఎన్ని, ఎంతెంత, నరానికి ఎంత దగ్గర, కోసిన అంచులో జబ్బు ఉందా లేదా, అన్నీ ఉన్నాయి. అంచులో లేదు. ఆ రెండు పేజీలు స్వరూప చదివి చెప్పాక నేను మొదటిసారి ఏడ్చాను. సంతోషంతో కాదు, కోపంతో. చెయ్యంత చేతిని చూసే పద్ధతి ఉన్నప్పుడు శనగ గింజను చూసే పద్ధతి ఎందుకు లేదు?

తర్వాత గాయం చీము పట్టింది. మళ్లీ కడిగి కుట్టారు. రేడియేషన్‌కు భుజం చర్మం కమిలింది. లేని చేతి వేళ్లు దురద పెట్టేవి. వాడు నిద్రలో కుడి చేత్తో గాలిని గోకేవాడు. టీబీ మందులు ఆపిన తర్వాత తిండి కుదుటపడింది. ఆ విషం అన్నాళ్లు ఉత్త పుణ్యానికి తాగించాం.

2012 ఫిబ్రవరిలో నేను ఒక్కదాన్నే ఆ నర్సింగ్ హోంకు పోయాను. కొట్లాడడానికి కాదు, అడగడానికి. వరుసలో కూర్చుని, నా వంతు వచ్చినప్పుడు లోపలికి పోయి హైదరాబాద్ రిపోర్టు ముందు పెట్టాను. సర్జన్ చదివాడు. మొహం కొంచెం మారింది.

"అయ్యో. చెయ్యి తీసిన్రా?"

"తీసిన్రు. మొదటి గడ్డ ఎందుకు పంపలేదు సార్?"

"పెద్దమ్మా, రోజూ గడ్డలు తీస్తనే ఉంటం. అన్నీ పంపితే పేషెంట్లే కొట్లాడుతరు, ఊకెనే పరీక్షలు రాస్తున్నవని."

"మేం కొట్లాడినమా?"

"మీరని గాదు. ఇది చాలా రేర్. లక్షల్ల ఒకనికి వస్తది. ఎవరనుకుంటరు చెప్పు?"

"లక్షల్ల ఒకనికి వచ్చేది కంటితోని చూస్తే ఎట్ల తెలుస్తది సార్? మీకు అది ముందే తెల్వదు గనకనే కదా పంపాలె?"

ఆయన రిపోర్టు మడిచి నా వైపు జరిపాడు. గంట కొట్టాడు. తర్వాతి పేషెంటు లోపలికి వచ్చాడు. తలుపు దగ్గర అదే ఆయమ్మ, అదే బకెట్. ఆమె మీద నాకు కోపం లేదు. ఇచ్చింది పారబోసింది.

అరుదు అన్న మాటను ఈ మూడేళ్లలో చాలామంది నాకు ఓదార్పుగా చెప్పారు. నాకు అది ఓదార్పు కాదు, ఎగవేత. నాకు ఉన్నది ఒక్క కొడుకు. నా ఇంట్లో అది అరుదు కాదు. అరుదైనది రాదు అనుకుని చూడకపోతే, అది వచ్చిన ప్రతిసారీ ఇలాగే జరుగుతుంది. తర్వాత అందరూ కలిసి విధి అంటారు.

ఇప్పుడు 2014 చివర. రాష్ట్రం వచ్చింది. రాజేశం బతికి ఉన్నాడు. చెకప్‌కు పోతూ ఉన్నాం. ఛాతీ సీటీ ఇప్పటివరకు శుభ్రం. ఈ జబ్బు ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చని చెప్పారు కనుక తగ్గిపోయిందని నేను ఎక్కడా రాయను. మెడికల్ బోర్డు తర్వాత వాడికి పైన, హాజరు రాసే టైమ్ ఆఫీసులో పని ఇచ్చారు. నల్లా దగ్గర మాట్లాడినామె ఇప్పుడు "అయ్యో పాపం" అంటోంది. అదీ నాకు అక్కర్లేదు. గడియారం కుడి చేతికే ఉంటుంది. పొద్దున స్వరూప పెడుతుంది. ఆమె ఊరెళ్తే నేను పెడతాను. పెట్టినప్పుడల్లా మణికట్టు పైన వేలితో ఒకసారి తడుముతాను. వాడు, "చూసినవ్ కదనే నిన్న," అంటాడు. తడుముతాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఒంట్లోంచి ఏ గడ్డ తీసినా, ఎంత చిన్నదైనా, డాక్టరు ఎంత నమ్మకంగా చెప్పినా, అది ఫార్మలిన్ సీసాలో పడి, పేరు రాసి, పాథాలజీకి పోయే వరకు అక్కడి నుంచి కదలకండి. పోయే చీటీలో ఎన్నాళ్ల నుంచి ఉంది, ఇంతకు ముందు తీశారా అన్నది రాయించి, చదివించుకోండి. మందులకు తగ్గకపోతే బ్లాకు, స్లైడ్లు తీసుకుని ఇంకొక పాథాలజిస్టుకు చూపించండి. అవి మీవి.

పోయిన నెల మా లైన్‌లో సారమ్మకు మెడ వెనక గడ్డ తీశారు. నేను ఆపరేషన్ గది బయట కూర్చున్నాను. నర్సు బయటికి రాగానే, "గడ్డ ఏది?" అన్నాను.

"ఉన్నది గానీ, నువ్వేమైతవ్ ఆమెకు?"

"ఏం కాను. సీసా చూపెట్టు."

ఆ పిల్ల విసుక్కుంటూ పోయి సీసా తెచ్చింది. పేరు లేదు. నా ముందే రాయించాను. చీటీ చదివించుకున్నాను. వారానికి రిపోర్టు వచ్చింది: మామూలు కొవ్వు గడ్డ. సారమ్మ మొగుడు ఆ రిపోర్టు పట్టుకుని మా గడపలోకి వచ్చి అందరూ వినేట్టు నవ్వాడు. "ఏందవ్వా, కొవ్వు గడ్డకు గింత లొల్లి చేస్తివి!"

"కొవ్వు గడ్డ అని ఇయ్యాల తెలిసింది," అన్నాను. "నిన్న నీకు తెల్వది, నాకు తెల్వది, కోసిన డాక్టరుకు గూడ తెల్వది."